సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్న మూడున్నరేళ్ల పాపకు ఏం చేయాలి? టెక్కలి తల్లికి సమాధానం

అమ్మా, మీరు రాసినదంతా చదివాను. టెక్కలి దగ్గర ఊరు, మూడున్నరేళ్ల పాప, పది కిలోల బరువు. దగ్గు ఎప్పటికీ తగ్గకపోతే ఆరు నెలలు టీబీ మందులు వాడారు, గుణం కనిపించలేదు. చివరికి విశాఖపట్నంలో చెమట పరీక్ష చేస్తే క్లోరైడ్ 98 వచ్చింది, సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే పుట్టుకతో వచ్చే జన్యు జబ్బు అన్నారు. కఫంలో సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా కూడా ఉందన్నారు. మలం జిడ్డుగా, ఎక్కువగా, భరించలేని వాసనతో పోతోంది. మీరు అడిగినవి మూడు: దీనికి వైద్యం ఉందా, వాట్సాప్‌లో చెబుతున్న కొత్త మాత్ర మన పాపకు పనిచేస్తుందా, రెండో బిడ్డను కనొచ్చా.

నేను శ్రీకాకుళంలో పిల్లల డాక్టర్ని. ఈ జబ్బు మన వైపు లేదని చాలామంది అనుకుంటారు. లేకపోవడం వేరు, బయటపడకపోవడం వేరు. టీబీ అనో, ఆస్తమా అనో, మాటిమాటికీ వచ్చే న్యుమోనియా అనో పేరు పెట్టుకుని ఆసుపత్రుల చుట్టూ తిరిగే పిల్లల్లో కొందరికి అసలు జబ్బు ఇదే. చెమటలో క్లోరైడ్ 30 లోపు ఉంటే ఈ జబ్బు దాదాపు లేనట్టే, 60 దాటితే ఉన్నట్టే లెక్క. 98 అంటే సందేహానికి పెద్దగా చోటు లేదు. అయినా ఇంకోసారి చెమట పరీక్ష చేసి గానీ, జన్యు పరీక్షతో గానీ ఖాయం చేసుకుంటారు. చెమట పరీక్ష అలవాటు లేని ల్యాబ్‌లో చేస్తే తప్పులు వస్తాయి, అందుకే ఆ జాగ్రత్త.

టీబీ మందులు అనవసరంగా వేశామే అని మీరు కుమిలిపోకండి. మన జిల్లాల్లో తగ్గని దగ్గు, పెరగని బరువు చూస్తే ఏ డాక్టరుకైనా ముందు గుర్తొచ్చేది టీబీయే. ఇక ముందు ఎవరైనా మళ్లీ ఆ మందులు మొదలుపెడదామంటే మాత్రం కఫంలోనో, పొట్టలోంచి తీసిన ద్రవంలోనో టీబీ క్రిమి ఉందో లేదో చూసే సీబీనాట్ పరీక్ష చేశారా అని అడగండి. ఎక్స్‌రేలో మచ్చలు ఈ జబ్బులోనూ ఉంటాయి కాబట్టి ఎక్స్‌రే ఒక్కటే చాలదు.

ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. ఈ జబ్బును పూర్తిగా పోగొట్టే మందు ఇంకా లేదు. కొత్త మాత్ర నిజంగానే గొప్పది. కానీ దాని కోసం ఎదురుచూస్తూ రోజువారీ వైద్యాన్ని పక్కన పెడితే, మాత్ర చేతికొచ్చే నాటికి బాగుచేయడానికి ఊపిరితిత్తులు మిగలవు. 1950ల్లో ఈ పిల్లల్లో చాలామంది బడికి వెళ్లే వయసు కూడా చూడలేదు. అమెరికా, యూరప్‌లలో వాళ్లు పెరిగి పెద్దయి కాలేజీలకు, ఉద్యోగాలకు వెళ్లే దశకు చేరుకున్నది ఆ మాత్ర రాకముందే. అరుగుదల ఎంజైమ్‌లు, బలమైన తిండి, రోజూ కఫం తీయడం, వేళకు యాంటీబయాటిక్స్, వీటితోనే ఆ మార్పు వచ్చింది. ఇవన్నీ టెక్కలిలో ఉంటూ చేయగలిగినవే.

జబ్బు సంగతి కొంచెం తెలిస్తే వైద్యం ఎందుకో అర్థమవుతుంది. మన కణాల గోడల్లో సీఎఫ్‌టీఆర్ అనే ప్రొటీన్ ఉంటుంది. ఉప్పులోని క్లోరైడ్ లోపలికీ బయటికీ వెళ్లడానికి అది తలుపు లాంటిది. ఆ ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువు ఏడో క్రోమోజోమ్ మీద ఉందని 1989లో కనుక్కున్నారు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు కాపీలూ పాడైతేనే జబ్బు వస్తుంది. క్లోరైడ్ కదలకపోతే దాని వెంట నీరూ కదలదు. అందుకని ఊపిరితిత్తుల్లో కఫం జిగటగా, చిక్కగా మారి అక్కడే ఉండిపోతుంది, అందులో బ్యాక్టీరియా స్థిరపడుతుంది. అరిగించే రసాలు తయారుచేసే పాంక్రియాస్ గ్రంథి గొట్టాలు మూసుకుపోయి ఆ రసాలు పేగులోకి రావు. చెమటలో మాత్రం ఉప్పు వెనక్కి పీల్చుకోలేక బయటికి పోతూ ఉంటుంది. పాప నుదుటి మీద ముద్దు పెట్టుకుంటే ఉప్పగా ఉంటుందని మీరు రాశారు కదా, కారణం ఇదే.

అన్నిటికంటే తొందరగా చూసుకోవాల్సింది సూడోమోనాస్. మీ ఉత్తరంలో ఆ మాట ఒక్క వాక్యంలో అయిపోయింది, నాకు మాత్రం అక్కడే చూపు ఆగింది. మొదటిసారి కనిపించినప్పుడు దాన్ని పూర్తిగా తరిమేసే అవకాశం ఎక్కువ. ఏళ్ల తరబడి ఉండనిస్తే తన చుట్టూ జిగురు పొర కట్టుకుని కూర్చుంటుంది, అప్పుడు ఏ మందూ దాన్ని పూర్తిగా తీయలేదు. మొదటిసారి దొరికితే ఎక్కువగా వాడేది నెబులైజర్ (మందును సన్నటి తుంపరగా మార్చే యంత్రం) ద్వారా పీల్చే టోబ్రామైసిన్ అనే యాంటీబయాటిక్, 300 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, 28 రోజులు. ఇది మన దేశంలో దొరుకుతుంది. కోర్సు అయ్యాక మళ్లీ కల్చర్ (కఫంలోని బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) చేసి పోయిందో లేదో చూడాలి. దగ్గు తగ్గింది కదా అని ఆ రెండో కల్చర్ మానేయవద్దు. ఆ తర్వాత కూడా పాప బాగున్నా సరే మూడు నెలలకోసారి కఫమో, గొంతులోంచి స్వాబో కల్చర్‌కు పంపుతూ ఉండాలి. మీకు రాసిన చీటీలో పీల్చే యాంటీబయాటిక్ లేకపోతే ఈ వారంలోనే డాక్టరును కలిసి అడగండి. మందుల షాపులో దొరికే ఇంజెక్షన్ సీసాను ఎవరో చెప్పారని నెబులైజర్‌లో పోయడం మాత్రం వద్దు.

దగ్గు, కఫం ఎక్కువై, ఆకలి తగ్గి, బరువు పడిపోతే ఆసుపత్రిలో చేర్చి రెండు రకాల యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు సుమారు రెండు వారాలు ఇస్తారు. వాటిలో అమికాసిన్, టోబ్రామైసిన్ లాంటివి కిడ్నీ మీద, చెవి మీద ప్రభావం చూపుతాయి. మీ పుట్టిల్లు ఉద్దానం అని రాశారు, అక్కడ కిడ్నీ జబ్బులు ఎక్కువ. ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉంటే చేరిన రోజే చెప్పండి. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూస్తూ, మందు మోతాదు రక్తంలో ఎంతుందో కొలుస్తూ ఇస్తారు, ఏడాదికోసారి వినికిడి పరీక్ష కూడా చేయించవచ్చు. నొప్పి మాత్రలు ఇష్టానికి వేయకండి.

ఇప్పుడు తిండి. పది కిలోలు అన్నారు, ఈ వయసుకు పద్నాలుగు దరిదాపుల్లో ఉండాలి. పాప తినట్లేదని కాదు, తిన్నది ఒంటికి పట్టట్లేదు. ఈ జబ్బు ఉన్నవాళ్లలో వందకు 85 మందికి పైగా పాంక్రియాస్ పనిచేయదు. మీరు చెప్పిన మలం లక్షణాలు చూస్తే మీ పాప కూడా అందులోనే ఉంది. మలంలో ఎలాస్టేజ్ అనే పరీక్ష చేస్తే తేలిపోతుంది, కానీ మందు ఆపి దాని కోసం ఎదురుచూడాల్సిన పని లేదు.

దీనికి పాంక్రియాటిన్ అనే అరుగుదల ఎంజైమ్ క్యాప్సూల్స్ ఉన్నాయి. పెట్టె మీద 10,000, 25,000 అని ఉండే అంకె అందులోని లైపేజ్ (కొవ్వును అరిగించే ఎంజైమ్) యూనిట్లు. నాలుగేళ్ల లోపు పిల్లలకు సాధారణంగా కిలో బరువుకు భోజనానికి 1,000 యూనిట్లతో మొదలుపెడతారు. అంటే మీ పాపకు భోజనానికి ఒక 10,000 క్యాప్సూల్, చిరుతిండికి అందులో సగం. మలం జిడ్డు తగ్గకపోతే డాక్టరు పెంచుతారు. ఒక్క భోజనానికి కిలోకు 2,500, రోజు మొత్తానికి కిలోకు 10,000 యూనిట్లు దాటకూడదు, దాటితే పెద్దపేగు గట్టిపడే ప్రమాదం ఉంది. అరుగుదలకని షాపుల్లో ఇచ్చే తియ్యటి సిరప్‌లు దీనికి బదులు కావు. వాటిలో కొవ్వును అరిగించే లైపేజ్ సరిపడా ఉండదు, ఉన్నా పొట్టలోని ఆమ్లంలో నిలవదు. ఈ క్యాప్సూల్‌లోని గింజల మీద ఆమ్లాన్ని తట్టుకునే పూత ఉంటుంది. ఇంకో సంగతి కూడా చెప్పాలి: ఇది పంది పాంక్రియాస్ నుంచి తీసే మందు. కొన్ని ఇళ్లలో ఈ సంగతి తర్వాత తెలిసి మానేశారు, అందుకే ముందే చెబుతున్నాను. దీనంత నమ్మకంగా పనిచేసే శాకాహార మందు లేదు.

ఇచ్చే పద్ధతి సరిగ్గా లేకపోతే మందు ఉన్నా లేనట్టే. చిన్న పాప క్యాప్సూల్ మింగలేదు కాబట్టి దాన్ని విప్పండి. లోపల ఆవగింజల్లాంటి గింజలు ఉంటాయి. వాటిని ఉడికించి చల్లార్చిన యాపిల్ గుజ్జు లాంటి కాస్త పులుపున్న మెత్తటి దానిలో, ఒక్క చెంచాలో కలిపి, అన్నం మొదలుపెట్టే ముందే నోట్లో పెట్టండి. నూరకూడదు, నమలనివ్వకూడదు, పాలలో గానీ వేడి అన్నంలో గానీ కలపకూడదు. పూత కరిగిపోతే మందు పొట్టలోనే పాడవుతుంది. మింగాక రెండు గుక్కలు నీళ్లు తాగించి, చిగుళ్లకూ బుగ్గకూ మధ్య గింజలు ఇరుక్కున్నాయేమో వేలితో చూడండి. అక్కడ ఉండిపోతే నోరు పుండవుతుంది. పాప భోజనానికి చాలాసేపు పడితే మందును రెండు భాగాలు చేసి ముందొకటి, మధ్యలో ఒకటి ఇవ్వండి. వేసవిలో డబ్బాను పొయ్యి గట్టు మీదా, బస్సు కిటికీ పక్కనా పెట్టకండి.

పాలు, గుడ్డు, అన్నం, చేప, దేనికైనా ఎంజైమ్ కావాలి. పండు ముక్క, ఓఆర్ఎస్, పంచదార నీళ్లకు అక్కర్లేదు. అంగన్‌వాడీలో ఇచ్చే పాలు, గుడ్డు గురించి చాలా ఇళ్లలో మరిచిపోతారు. అక్కడి టీచరమ్మకు ఒక డబ్బా ఇచ్చి, మీరు ఇంట్లో ఎలా ఇస్తారో ఆమె ఎదుట ఒకసారి చేసి చూపించండి.

మీ అత్తగారు పత్యం పెట్టి నూనె, నెయ్యి మాన్పించారని రాశారు. ఆమె ప్రేమతోనే చేశారు. ఒకప్పుడు పెద్ద పెద్ద ఆసుపత్రులు కూడా మలం జిడ్డుగా ఉంటే కొవ్వు తగ్గించమనే చెప్పేవి. టొరంటోలో మాత్రం ఎంజైమ్‌లు బాగా ఇస్తూ కొవ్వు ఎక్కువగా తినిపించారు. 1988లో టొరంటో, బోస్టన్ క్లినిక్‌ల రోగులను పోల్చి చూస్తే టొరంటో వాళ్లు ఒడ్డూ పొడుగూ బాగుండడమే కాదు, ఎక్కువ కాలం బతికారు కూడా. కాబట్టి పాపకు అన్నంలో నెయ్యి, పప్పులో నూనె, కొబ్బరి, నువ్వులు, వేరుశెనగ, గుడ్డు, నెత్తళ్లు అన్నీ పెట్టండి, ఎంజైమ్‌తో పాటు. పలాస జీడిపప్పు మన ఇంటి ముందే ఉంది, బద్దలు కొంటే చవక, పొడి కొట్టి చోడి (రాగి) జావలోనూ పాలలోనూ కలపండి. ఆ వయసు మామూలు పిల్లలకంటే ఈమెకు ఎక్కువ తిండి కావాలి, ఒక్కోసారి రెట్టింపు వరకూ. ఏ, డి, ఇ, కె విటమిన్లు కొవ్వుతోనే ఒంటికి పడతాయి కాబట్టి వాటిని విడిగా రోజూ ఇవ్వాలి. అంతా చేసినా బరువు కదలకపోతే ట్యూబు ద్వారా రాత్రిపూట ఆహారం ఇచ్చే పద్ధతి కూడా ఉంది.

ఉప్పు విషయం మన ప్రాంతానికి ప్రత్యేకంగా చెప్పాలి. చలి దేశాల్లో రాసిన సలహాలు మన మే నెలకు సరిపోవు. చెమటలో ఉప్పు అదుపు లేకుండా పోతుంటే రక్తంలో సోడియం, పొటాషియం, క్లోరైడ్ పడిపోతాయి. 1940ల చివర్లో న్యూయార్క్‌లో ఎండలు మండినప్పుడు వడదెబ్బతో ఆసుపత్రికి వచ్చిన పిల్లల్లో ఈ జబ్బు ఉన్నవాళ్లే ఎక్కువగా కనిపించారు. చెమటలో ఉప్పు ఎక్కువ పోతోందని డాక్టర్ డి సాంటాగ్నీస్ కనిపెట్టడానికి దారి చూపింది అదే, నేటి చెమట పరీక్షకూ మూలం అదే. మన దగ్గర వేసవిలో పాప నీరసంగా తోటకూర కాడలా వేలాడిపోతే, వాంతులవుతుంటే, మూత్రం తగ్గితే ‘ఎండ కొట్టింది, పడుకోబెడితే పోతుంది’ అనుకోకండి. ఏ ఆసుపత్రికి వెళ్లినా ‘ఈ పాపకు సిస్టిక్ ఫైబ్రోసిస్, ఎలక్ట్రోలైట్స్ చూడండి’ అని మొదటి మాటగా చెప్పండి, ఎలక్ట్రోలైట్స్ అంటే రక్తంలోని లవణాల పరీక్ష. విరేచనాలు లేకుండానే ఈ పిల్లలు ఉప్పు కోల్పోతారు కాబట్టి తెలియని డాక్టరుకు అది తట్టకపోవచ్చు.

రోజువారీగా గంజిలో, మజ్జిగలో ఉప్పు వేసి తాగించండి, ఊరగాయ, అప్పడం పెట్టండి. కొబ్బరినీళ్లు ఉద్దానం ఇళ్లలో మంచినీళ్లంత మామూలు. వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ, అందుకని గ్లాసులో చిటికెడు ఉప్పు కలపండి. ఓఆర్ఎస్ కొంటే డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని రాసి ఉన్న పొడి ప్యాకెట్టే తీసుకోండి, అట్టపెట్టెల్లో వచ్చే రంగు జ్యూస్ కాదు. రోజుకు ఉప్పు ఎంత అదనంగా ఇవ్వాలో పాప బరువును, కాలాన్ని బట్టి మీ డాక్టరు లెక్క కట్టి చెబుతారు.

ఇక ఊపిరితిత్తులు. రోజుకు రెండు పూటలా కఫం తీయాలి, దగ్గు ఉన్నా లేకపోయినా. జలుబు చేస్తే మూడు నాలుగు సార్లు. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు, లేదా తిన్న రెండు గంటలకు చేయండి. ఒక వరస ఉంది: ముందు స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం) శ్వాసనాళాలను తెరిచే సాల్బుటమాల్ ఇన్‌హేలర్, తర్వాత నెబులైజర్‌లో చిక్కటి ఉప్పునీరు, ఆపైన ఫిజియోథెరపీ, కఫం బయటికొచ్చాక చివర్లో పీల్చే యాంటీబయాటిక్. వరస తప్పితే యాంటీబయాటిక్ కఫం మీద పడి వృథా అవుతుంది.

ఆ ఉప్పునీరు 7 శాతం హైపర్‌టానిక్ సెలైన్. ఆస్ట్రేలియాలో సముద్రంలో సర్ఫింగ్ చేసే ఈ జబ్బు రోగులు మిగతావాళ్లకంటే బాగుండడం గమనించి పరిశోధన చేశారు, 2006లో ఫలితాలు వచ్చాయి. కఫం పలచబడుతుంది, ఛాతీ ఇన్‌ఫెక్షన్లు తగ్గుతాయి. మన షాపుల్లో 3 శాతం తేలిగ్గా దొరుకుతుంది, 7 శాతం చెప్పి తెప్పించుకోవాలి. చవకైన మందు, నాకు చాలా నమ్మకమున్న మందు. ఊపిరి బిగుసుకునే అవకాశం ఉంది కాబట్టి మొదటి డోసు ఆసుపత్రిలోనే వేయించాలి. డోర్నేజ్ ఆల్ఫా అనేది ఇంకో పీల్చే మందు, 1993లో అమెరికాలో అనుమతి వచ్చింది, రోజుకు ఒక్కసారి 2.5 మిల్లీగ్రాములు. కఫంలోని చనిపోయిన కణాల డీఎన్ఏను ముక్కలు చేసి పలచబరుస్తుంది. మంచిదే, కానీ నెల నెలా ఖర్చు భారీగా ఉంటుంది. డబ్బు పరిమితంగా ఉంటే నేను ముందు ఎంజైమ్‌కు, తర్వాత ఉప్పునీటికి, యాంటీబయాటిక్‌కు పెట్టమంటాను, డోర్నేజ్ ఆ తర్వాతే.

ఫిజియోథెరపీ అంటే చిన్నపిల్లలకు వీపు, పక్కల మీద అరచేతిని దోసిలిలా వంచి తట్టడం. ఒక్కో భాగం మీద రెండు మూడు నిమిషాలు. ఒకప్పుడు తల కిందికి పెట్టి తట్టేవాళ్లు, అలా చేస్తే పొట్టలోది పైకి తన్నుతుందని ఇప్పుడు వద్దంటున్నారు. మూడున్నరేళ్ల పిల్ల కదా, ఆటలోనే సగం పని అయిపోతుంది. ఒక సీసాలో కొంచెం నీళ్లు, చుక్క సబ్బు వేసి, పొడుగాటి గొట్టం పెట్టి బుడగలు ఊదమనండి. ఆ ఊదే ఒత్తిడికి శ్వాసనాళాలు తెరుచుకుని కఫం కదులుతుంది. ఆ నీళ్లు లోపలికి పీల్చకుండా పక్కనే ఉండి చూసుకోండి, నీళ్లు రోజూ మార్చండి. తర్వాత అద్దం ఇచ్చి నోరు తెరిచి ‘హా’ అని ఆవిరి పట్టించమనండి. దాన్నే హఫింగ్ అంటారు, గట్టిగా దగ్గడం కంటే ఇదే బాగా పనిచేస్తుంది. కాస్త పెద్దయ్యాక శ్వాస వ్యాయామాలు తనే చేసుకుంటుంది. గెంతడం, పరిగెత్తడం, తొక్కుడుబిళ్ల అన్నీ వైద్యమే. ఆయాసం వస్తుందని కూర్చోబెట్టకండి. ఫిజియోథెరపిస్టు దగ్గర ఒకసారి మీరూ, మీ ఆయనా ఇద్దరూ నేర్చుకోండి. ఒక్కరి మీదే పడితే ఏడాది తిరక్కుండా అలసిపోతారు.

నెబులైజర్ కప్పు, మాస్కు ప్రతిసారీ సబ్బునీళ్లతో కడిగి, రోజుకోసారి ఐదు నిమిషాలు మరిగించి, శుభ్రమైన బట్ట మీద పూర్తిగా ఆరనివ్వాలి. తడిగా డబ్బాలో పెట్టి మూస్తే సూడోమోనాస్‌ను మనమే పెంచి పాప ఛాతీలోకి పంపినట్టవుతుంది. మరిగించాక మళ్లీ కుళాయి నీళ్లతో కడగవద్దు.

ఇంట్లో పొగ గురించి గట్టిగానే అంటాను. మన వైపు ముసలమ్మలకు అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం) అలవాటు ఇంకా ఉంది. మీ ఇంట్లో ఎవరైనా చుట్ట కాలుస్తుంటే పాప ఉన్న గదిలోనే కాదు, వసారాలో కూడా వద్దు. కట్టెల పొయ్యి దగ్గర పాపను ఎత్తుకుని కూర్చోకండి. బూజు పట్టిన గడ్డివాము, పెంటకుప్ప, నూర్పిళ్ల దుమ్ము, వీటిలో ఆస్పర్‌జిల్లస్ అనే బూజు ఉంటుంది, ఈ పిల్లల ఊపిరితిత్తుల్లో అది వేరే రకం ఇబ్బంది పెడుతుంది. ఏటా ఫ్లూ టీకా వేయించండి. ఇదే జబ్బున్న ఇంకో పిల్లను కలిపితే తోడుంటుందని మీకు అనిపించవచ్చు, కానీ ఒకరి బ్యాక్టీరియా ఇంకొకరికి అంటుకుంటుంది, ఎదురుపడితే రెండు మీటర్ల దూరం ఉండాలి. తల్లులు ఫోన్లో ఎంతసేపు మాట్లాడుకున్నా ఫర్వాలేదు.

కొత్త మాత్ర సంగతి. వీటిని మాడ్యులేటర్లు అంటారు. పాడైన సీఎఫ్‌టీఆర్ ప్రొటీన్‌నే సరిచేసి పని చేయిస్తాయి. మొదటిది ఐవాకాఫ్టర్, 2012. ఎలెక్సాకాఫ్టర్, టెజాకాఫ్టర్, ఐవాకాఫ్టర్ కలిపిన మందుకు అమెరికాలో 2019 అక్టోబరులో అనుమతి వచ్చింది, ట్రైకాఫ్టా అన్న పేరు మీరు విన్నది ఇదే. 2023 నుంచి రెండేళ్లు దాటిన పిల్లలకూ ఇస్తున్నారు. ట్రయల్‌లో ఊపిరి సామర్థ్యం సుమారు 14 శాతం పాయింట్లు పెరిగింది, ఇన్‌ఫెక్షన్లు సగానికి పైగా తగ్గాయి. 2024 డిసెంబరులో రోజుకు ఒక్కసారే వేసే ఇంకో మందు కూడా వచ్చింది.

అయితే ఇది అందరికీ పనిచేయదు. జన్యువులో ఏ చోట లోపం ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఎఫ్508డెల్ అనే మార్పు ఒక్క కాపీలో ఉన్నా ఈ మందు పనిచేస్తుంది. యూరప్ జాతుల్లో అది చాలా ఎక్కువ, మన దేశంలో అంత లేదు, మనవాళ్లలో రకరకాల వేరే మార్పులు కనిపిస్తాయి. ప్రొటీనే తయారు కాని రకాలకు ఈ మాత్రలు ఏమీ చేయలేవు. అందుకని వాట్సాప్ సందేశం పక్కన పెట్టి ముందు పాపకు సీఎఫ్‌టీఆర్ జన్యువు పూర్తి సీక్వెన్సింగ్ (జన్యువు మొత్తాన్ని చదివే పరీక్ష) చేయించండి. ఎఫ్508డెల్ ఒక్కటే చూసే చిన్న పరీక్షతో ఆగిపోవద్దు. ఆ రిపోర్టు లేకుండా మాత్ర కోసం పొలం అమ్మకండి.

ధర అమెరికాలో ఏడాదికి 3 లక్షల డాలర్లకు పైనే. అర్జెంటీనాలో దీని జనరిక్ తయారవుతోంది, సొంత వాడకానికి విదేశీ మందు తెప్పించుకోవాలంటే కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థకు ఫారం 12ఏ పెట్టి అనుమతి తీసుకునే మార్గం ఉంది. తక్కువ ధరకు ఇప్పిస్తామని ఫోన్ చేసేవాళ్లకు ముందుగా డబ్బు పంపకండి. దొరికినా డాక్టరు పర్యవేక్షణ లేకుండా మొదలుపెట్టే మందు కాదు: లివర్ పరీక్షలు, పిల్లలకైతే కంటి పరీక్ష చేయిస్తూ ఉండాలి, కొవ్వున్న తిండితోనే వేయాలి. మన దగ్గర తప్పక గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది, టీబీకి వాడే రిఫాంపిసిన్ ఈ మందును ఒంట్లో పనిచేయకుండా చేస్తుంది. స్టెమ్ సెల్స్‌తోనో, పసరుతోనో పూర్తిగా నయం చేస్తామనేవాళ్లను నమ్మకండి.

డబ్బు సాయం గురించి. జాతీయ అరుదైన వ్యాధుల విధానం, 2021లో ఈ జబ్బు ఉంది. డోర్నేజ్, మాడ్యులేటర్ మందులు రెండూ మూడో గ్రూపులో (వైద్యం ఉన్నా ఖర్చు చాలా ఎక్కువైనవి) ఉన్నాయి. గుర్తించిన కేంద్రాల ద్వారా ఒక్కో రోగికి 50 లక్షల రూపాయల వరకు సాయం చేసే వీలుంది. తెలుగువాళ్లకు దగ్గర కేంద్రం హైదరాబాదులోని నిమ్స్, సీడీఎఫ్‌డీ అనే డీఎన్ఏ పరిశోధన సంస్థతో కలిసి పనిచేస్తుంది. దరఖాస్తు పెట్టగానే మందు వస్తుందని ఆశ పెట్టను, వేచి ఉండాలి. అయినా పేరు నమోదు చేయించండి, రికార్డులో లేని పాపకు ఏ పథకమూ రాదు.

ఎక్కడ చూపించాలంటే, రోజువారీకి శ్రీకాకుళంలోనో విశాఖలోనో ఒక పిల్లల డాక్టరు, ఏడాదికి ఒకటి రెండుసార్లు ఈ జబ్బును ప్రత్యేకంగా చూసే చోటు. వెల్లూరు సీఎంసీలో, ఢిల్లీ ఎయిమ్స్‌లో అలాంటి క్లినిక్‌లు ఉన్నాయి. మన వైపు వాళ్లకు వెల్లూరు అలవాటైన దారే, కాట్పాడిలో దిగాలి. అక్కడి చీటీని ఇక్కడి డాక్టరు పాటించేలా ఇద్దరినీ ఫోన్లో కలపండి. పదేళ్లు వచ్చాక ఏటా షుగర్ పరీక్ష మొదలుపెట్టాలి, లివర్ కూడా చూస్తూ ఉంటారు. ఊపిరితిత్తుల మార్పిడి మాట కూడా మీ మనసులో ఉండొచ్చు. అది అన్నీ విఫలమైన దశలో ఆలోచించేది, మీ పాప ఆ దరిదాపుల్లో కూడా లేదు, ఆ టెన్షన్ ఇప్పుడు పెట్టుకోకండి.

రెండో బిడ్డ. మీది మేనరికం అన్నారు. మేనరికం లేని ఇళ్లలోనూ ఈ జబ్బు వస్తుంది, కానీ దగ్గర సంబంధంలో ఒకే లోపం ఇద్దరిలోనూ ఉండే అవకాశం ఎక్కువ. ఇందులో మీ తప్పూ లేదు, మీ ఆయన తప్పూ లేదు, కోడలి వైపు నుంచి వచ్చిందనే మాటకు అర్థమే లేదు. ఇద్దరి నుంచీ రాకపోతే జబ్బే రాదు. ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. ఒకరికి వచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురికి రాదని కాదు. పాపలోని రెండు మార్పులూ తెలిసి, మీ ఇద్దరి రక్తంలోనూ అవి ఖాయమైతే, గర్భం 11 నుంచి 13 వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీసి బిడ్డకు జబ్బు ఉందో లేదో చెప్పగలరు. ఆడా మగా చెప్పడమే చట్టం నిషేధించింది, జబ్బు కోసం చేసే ఈ పరీక్ష చట్టబద్ధమే. గర్భం వచ్చాక పరుగెత్తితే సమయం చాలదు, రిపోర్టులు ముందే చేతిలో ఉండాలి. కాబట్టి ఆ సీక్వెన్సింగ్ పాప మందుకూ, మీ రెండో కాన్పుకూ రెండిటికీ పనికొస్తుంది.

రిపోర్టు వచ్చాక పాప పేరు, నంబరు తీసేసి రెండు మార్పుల పేర్లు మాత్రం ఇక్కడ రాయండి, ఏ మాడ్యులేటర్ పనిచేసే రకమో చూసి చెబుతాను. ఈలోపు కల్చర్ రిపోర్టు తీసుకుని వెళ్లి పీల్చే టోబ్రామైసిన్ గురించి అడగడం మాత్రం ఆపకండి.